గూండా ప్రేమకథ మనకెందుకు?

"మన పిల్లలకు చూపించడానికి ప్రపంచం మొత్తంమీద మీకొక గూండా సినిమాయే దొరికిందా మేస్టారూ?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నిలదీసిన చోటు చోడవరం బస్టాండు ఎదుట టీ దుకాణం. ఆయన ముప్ఫయ్యేళ్ళు ఉపాధ్యాయ ఉద్యమంలో పనిచేసినవాడు, నా కంటే ఎక్కువ చదివినవాడు, నా కంటే ఎక్కువ లాఠీదెబ్బలు తిన్నవాడు. కాబట్టి ఆయన మాటను నవ్వి వదిలెయ్యడానికి వీల్లేదు. అక్కడ టీ చల్లారిపోయిందేగాని వాదం తెమల్లేదు. ఆ వాదాన్నే ఇక్కడ పూర్తిచేస్తాను. ఆయన ఈ పత్రిక చదువుతాడు.

జరిగిన సంగతి ఇది. ఒక ఆదివారం సాయంత్రం పాతికమంది విద్యార్థులకు, నలుగురు ఉపాధ్యాయులకు ఒక గదిలో గోడకు దుప్పటి కట్టి ఒక జపాను మూగసినిమా చూపించాను. దర్శకుడు యసుజిరో ఓజు. తీసింది 1933లో. పేరు 'హిజోసెన్ నో ఒన్నా'. 'హిజోసెన్' అంటే నేరస్థుణ్ణి పట్టుకోవడానికి పోలీసులు వీధులను చుట్టుముట్టి కట్టే వలయం. ఆ వలయంలో చిక్కిన స్త్రీ అని పేరుకు అర్థం. ఇంగ్లీషువాళ్ళు 'డ్రాగ్‌నెట్ గర్ల్' అన్నారు. గూండా కథే, ప్రేమ కథే, ఆ రెండూ నేను కాదనను. కాని మన మిత్రుడు కథ పేరు విని తీర్పు చెప్పాడేగాని సినిమా చూడలేదు. చూడకుండా తీర్పు చెప్పడం మనలో పాత జబ్బు. దానికి 'వర్గదృష్టి' అని పేరుపెట్టుకుని గౌరవించడం కొత్త జబ్బు.

కథ చెబుతాను. యొకొహామా రేవుపట్నం. తొకికో అనే అమ్మాయి పగలు ఒక కంపెనీ ఆఫీసులో టైపు కొడుతుంది. రాత్రి జోజి అనే గూండాకు తోడు. జోజి ఒకప్పుడు బాక్సింగులో పేరు తెచ్చుకున్నవాడు, ఇప్పుడు చిన్న ముఠాకు నాయకుడు. హిరోషి అనే విద్యార్థి చదువు మానేసి ఆ ముఠాలో చేరతాడు. అతని అక్క కజుకో గ్రామఫోను రికార్డుల దుకాణంలో పనిచేస్తుంది. తమ్ముణ్ణి విడిచిపెట్టమని జోజిని వేడుకోవడానికి వస్తుంది. జోజికి ఆ పిల్లమీద మనసు పడుతుంది. తొకికోకు అది తెలుస్తుంది. తుపాకి తీసుకుని కజుకోను బెదిరించడానికి పోతుంది. పోయి, బెదిరించలేక, ఆమె మంచితనానికి తానే లొంగిపోయి, ముద్దుపెట్టుకుని వస్తుంది. ఆ ముద్దు మనకు చూపడు దర్శకుడు, పాదాలను చూపుతాడు. ఇంతవరకూ ఇది ఏ మామూలు కథారచయితైనా రాయగలిగిన కథే.

కాని సినిమా మొదలయ్యేది ముఠాతో కాదు, తుపాకితో కాదు, ఆఫీసుతో! గోడకు వరసగా తగిలించిన టోపీలు. వరసగా టైపు మిషన్లు, వాటి వెనక వరసగా ఆడపిల్లలు. మనుషులకు ముందు టోపీలు కనిపిస్తాయి, ముఖాలకు ముందు మిషన్లు కనిపిస్తాయి. ఆ ఆఫీసులో యజమాని కొడుకు తొకికోకు ఉంగరం ఇచ్చి వలవేస్తుంటాడు. ఎవడు గూండా? ఈ ప్రశ్నను ఓజు ఒక్క అక్షరంలోకూడా రాయడు. ముఠావాళ్ళు చిల్లర దౌర్జన్యంతో సంపాదించేదాన్ని ఉంగరం పెట్టెలో పెట్టి మర్యాదగా అందించేవాడొకడు ఆఫీసులో కుర్చీ వేసుక్కూచున్నాడని చూపి ఊరుకుంటాడు. చిట్టచివరకు జోజీ తొకికో కలిసి తుపాకి చూపి దోచుకునేది ఆ యజమాని కొడుకునే. అదీ తమకోసం కాదు. హిరోషి అక్క పనిచేసే దుకాణంలో డబ్బు కాజేశాడు, ఆ డబ్బు తిరిగి కట్టడానికి.

మన మిత్రుడి మొదటి ఆక్షేపణ: ఇది హాలీవుడ్‌కు నకలు. నిజమే, సగం. ఓజు అమెరికా సినిమాలు విరగబడి చూసినవాడు. ఈ చిత్రంలో టోపీలు, కోట్లు, బాక్సింగ్ గది, డాన్సు హాలు, గోడలమీద ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ అరువే. రికార్డుల దుకాణంలో గ్రామఫోను ముందు కూచున్న ఆ కంపెనీ కుక్క బొమ్మకూడా అరువే. ఐతే అది నిజంగా అరువు తెచ్చుకున్న జీవితం, మరి ఎలా చూపిస్తాడు? రేవుపట్నంలో టైపు కొట్టే పిల్ల దొరసాని గౌను వేసుకుంటుంది, రికార్డుల దుకాణం పిల్ల కిమోనో కట్టుకుంటుంది. ఒకతె గౌను విప్పి కిమోనోలోకి పోదామని ఆశపడుతుంది. ఉన్ని కొనితెచ్చి, అల్లిక మొదలుపెట్టి, ఇల్లాలి వేషం వేసి చూస్తుంది. ఆ వేషమూ ఒంటికి నప్పదు. ఈ అమ్మాయి పడే తికమకను చూసి మా విద్యార్థినులు నవ్వారు. ఆ తర్వాత నవ్వడం మానేశారు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో రాత్రిపూట ఉద్యోగాలు చేసి పండుగకు ఊరొచ్చే అక్కలు వాళ్ళకు ఉన్నారు. ఊరొచ్చే ముందు రైల్లో బట్టలు మార్చుకునే అక్కలు.

తొకికో వేషం వేసిన నటి కినుయో తనాకా. అప్పటికామెకు ఇరవైమూడేళ్ళు. 1931లో జపానులో నెగ్గిన మొదటి టాకీలోకూడా నాయిక ఆమే. ఆ తర్వాత 1953లో తానే దర్శకురాలై 'ప్రేమలేఖ' తీసింది. ఆడది కెమెరా వెనక నిలబడడమంటే ఆ దేశంలో అప్పటికి వింత.

టాకీ అన్నాను గనక ఒక్కమాట. మనకు 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చి తెర మాట నేర్చింది. జపానులో ఓజు 1936 దాకా మూగసినిమాలే తీశాడు. అక్కడ మూగసినిమా నిజానికి మూగది కాదు. తెరపక్కన నిలబడి పాత్రలన్నిటికీ గొంతునిచ్చి కథ చెప్పే 'బెన్షీ' అనే కళాకారుడుండేవాడు. మన హరికథా భాగవతారును తలచుకోండి, దగ్గరగా ఉంటుంది. టాకీ రాగానే యజమానులు వాళ్ళను వీధిలోకి గెంటారు. 1932లో బెన్షీలు సమ్మె చేశారు. ఆ సమ్మెకు ముందు నిలిచినవారిలో హెయిగో కురొసావా ఒకడు, ఆ తర్వాత జగత్ప్రసిద్ధుడైన అకీరా కురొసావాకు అన్న. సమ్మె ఓడిపోయింది. 1933లో హెయిగో ఆత్మహత్య చేసుకున్నాడు. చోడవరంలో మా గదికి బెన్షీ లేడు. అందుకని డిగ్రీ చదివే ఒక కుర్రాడు తెరమీద వచ్చే ఇంగ్లీషు రాతలను చూస్తూ మన యాసలో చెప్పాడు. జోజి నోట "ఏటే, ఎక్కడికెళ్ళిపోయేవు?" అనే మాట రాగానే గది ఘొల్లుమంది. ఓజుకు అపచారమేమీ జరగలేదని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతికి వస్తాను.

1933 అని అలవోకగా అంటున్నాం. ఆ సంవత్సరం ఫిబ్రవరి 20వ తేదీన టోక్యోలో సుకీజీ పోలీసు స్టేషనులో కొబయాషి తకీజీని చిత్రహింస పెట్టి చంపారు. 1929లో 'పీతల ఓడ' అనే నవలరాసి, సముద్రంమీద పీతలు పట్టి డబ్బాల్లో నింపే కూలీల నరకాన్ని లోకానికి చెప్పినవాడు. ఆ రాతలకు బ్యాంకు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1928 మార్చి 15న కమ్యూనిస్టులమీద జరిగిన మూకుమ్మడి అరెస్టులను కథగా రాసి, పోలీసులు కొట్టే తీరును వర్ణించినవాడు. ఆ వర్ణనకు పోలీసులు అతని ఒంటిమీదనే బదులిచ్చారు. గుండె ఆగి చనిపోయాడని ప్రకటించారు. అప్పటికతనికి ఇరవైతొమ్మిదేళ్ళు. 1903 అక్టోబరులో పుట్టాడు. ఓజు అదే సంవత్సరం డిసెంబరులో పుట్టాడు. రెండు నెలల తేడా! తకీజీ చచ్చిపోయిన రెండు నెలలకు, ఏప్రిల్‌లో, ఓజుగారి 'పోలీసు వలయం' తెరకెక్కింది.

అందుచేత ఈ సినిమా పేరు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ వసంతంలో టోక్యోలో, యొకొహామాలో వలయాలు ఎవరికోసం కట్టారు? చిల్లర గూండాలకోసమేనా? 1925 నాటి శాంతిరక్షణ చట్టం చేతిలో పెట్టుకుని, రాసేవాణ్ణి, అచ్చువేసేవాణ్ణి, మేడే ఊరేగింపును కెమెరాలో పట్టేవాణ్ణి కూడా వేటాడారు. 'ప్రొకినో' అని శ్రామికవర్గ సినిమా సంఘం ఒకటి 1929లో పుట్టి సమ్మెలనూ మేడేలనూ చిన్న కెమెరాలతో తీసి కార్మికులకు చూపేది. 1934 నాటికి దాన్ని నలిపేశారు. ఇదంతా ఓజు సినిమాలో ఉందా? లేదు. ఒక్క చట్రంలోనూ లేదు. ఆయన పనిచేసింది షొచికు అనే పెద్ద కంపెనీకి, కంపెనీ అడిగింది ప్రేమకథ, ఆయన ఇచ్చింది ప్రేమకథ.

ఇక్కడ మన మిత్రుడు "చూశావా!" అంటాడు. అనే ముందు ముగింపు వినాలి.

దోపిడీ అయ్యాక తొకికో, జోజి కిటికీలోంచి దిగి రాత్రి వీధుల్లోంచి పారిపోతారు. పోలీసులు చుట్టుముడుతున్నారు. తప్పించుకునే సందు ఇంకా ఉంది. తొకికో ఆగిపోతుంది. పారిపోవద్దంటుంది, లొంగిపోదామంటుంది. శిక్ష అనుభవించి వస్తే ఇంకా వయసులోనే ఉంటాం, మళ్ళీ మొదలుపెట్టవచ్చునంటుంది. జోజి వినడు. ఆమె తుపాకి తీసి అతని కాలిమీద కాలుస్తుంది. కాల్చి, పడిపోయిన మనిషిని కౌగలించుకుని కూచుంటుంది. పోలీసులొచ్చి ఇద్దరికీ సంకెళ్ళు వేస్తారు.

ఈ దృశ్యం దగ్గర నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. పెట్టుకుని సిగ్గుపడ్డాను. తకీజీ రక్తం ఆరకముందే, ఆ పోలీసుల చేతుల్లోకి నడవడమే విముక్తి అని చెప్పే సినిమాకు నేను కన్నీళ్ళు ధారపోయడమేమిటి? సినిమా విడుదలైన రెండు నెలలకు, జూన్‌లో, జపాను కమ్యూనిస్టు పార్టీ నాయకులు సానో మనాబు, నబెయామా సదచికా జైల్లోంచి తమ విశ్వాసాలను వదులుకున్నామని ప్రకటించారు. వారివెంట వందలమంది అదే దారి పట్టారు. జపాను చరిత్రలో దాన్ని 'తెన్కో' అంటారు, అంటే మొగ్గు మార్చడం. ఏప్రిల్‌లో సినిమా తీసినవారికి జూన్ సంగతి తెలిసే వీలులేదు. కనక ఓజును లొంగుబాటు ప్రచారకుడని అనను. కాని లొంగిపోతే మళ్ళీ బతకవచ్చుననే ఆశ ఆనాడు ఆ దేశపు గాలిలో ఉండేది, అది ఆయన ఊపిరిలోకి వచ్చింది. 1937లో ఆయన్నే సైన్యంలోకి లాగి చైనామీదికి పంపారు. లొంగినవాళ్ళకు ఆ రాజ్యం ఇచ్చిన కొత్త బతుకు అటువంటిది.

మా గదిలో దీపాలు వేశాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు వెనక వరసలోనుంచి, కంప్యూటరు కేంద్రంలో అర్జీలు టైపుచేసే ఒక అమ్మాయి అడిగింది: "మేస్టారూ, ఆవిడ జైల్లోంచి వచ్చేక మళ్ళీ టైపు ఉద్యోగం ఎవరిస్తారండి?"

నేనెన్ని వ్యాసాలు చదివానో ఈ సినిమామీద! టోపీల వరస గురించి, కెమెరా కదలిక గురించి, కాఫీ కెటిల్ గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్ళున్నారు. పట్నాల్లో ఫిల్మ్ సొసైటీ మిత్రులు కొందరు ఆ కెటిల్ దగ్గరే ఆగిపోయి పరవశిస్తారు. వాళ్ళకు 1933 అనేది ఒక కేటలాగు అంకె. మన మిత్రుడికి 1933 తప్ప మరేమీ కనబడదు. ఆ అమ్మాయికి రెండూ కనబడ్డాయి. సినిమాను నమ్మింది కాబట్టే సినిమా చెప్పిన ముగింపును నమ్మలేదు. తొకికో ఆమెకు బతికున్న మనిషి కాకపోతే, జైలు తర్వాత ఉద్యోగం సంగతి ఆమెకెందుకు? నేరంచేసిన ఆడదానికి ఏ యజమాని కుర్చీ ఇస్తాడనే ప్రశ్న ఏ ఉపన్యాసం వల్లా పుట్టదు. ఆ టైపు మిషన్ల వరసనూ, అందులో ఈ పిల్ల ముఖాన్నీ అంత నిజంగా చూపినందువల్ల పుట్టింది. ఓజు తన ముగింపులో చెప్పిన అబద్ధాన్ని ఓజు తన మొదటి దృశ్యంలో చూపిన నిజమే పట్టించింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన గూండా ప్రేమకథ ఏమి చేస్తోంది?

ఇక్కడికి దగ్గరే నర్సీపట్నం. ఆ ప్రాంతం నుంచి వెళ్ళిన పూరి జగన్నాథ్ 2006లో 'పోకిరి' తీశాడు. ఊళ్ళకు ఊళ్ళు కదిలివెళ్ళి చూశాయి, తమిళంలోకీ హిందీలోకీ పోయింది. నేనూ చూశాను, రెండుసార్లు. చతురుడైన దర్శకుడు, సంభాషణ కత్తిలా తెగుతుంది. ఈ నేలమీది పొగరును తెరకెక్కించడం తెలిసినవాడు. డబ్బుకు మనుషుల్ని కొట్టే పండు అనే కుర్రాణ్ణి శ్రుతి అనే పిల్ల ప్రేమిస్తుంది. ప్రేమించినవాడు హంతకుడని తెలిసి అల్లాడుతుంది. ఇక్కడిదాకా ఇది యొకొహామా కథకు తమ్ముడే. ఆడపిల్లకు ఎదురైన చిక్కు నిజమైన చిక్కు. దాన్ని దర్శకుడు ఎలా విప్పాడు? పండు గూండా కానే కాదట! మారువేషంలో ఉన్న ఐ.పి.ఎస్. అధికారి కృష్ణమనోహర్ అట! హాలు ఈలలతో దద్దరిల్లింది. ఆ పిల్ల చిక్కు ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. అంతదాకా పండు చేసిన హత్యలన్నీ వెనక్కి లెక్కకట్టి చూస్తే హత్యలు కావు, విధినిర్వహణ. కోర్టు లేదు, విచారణ లేదు, మనిషి మంచివాడైతే చాలు, తుపాకికి లైసెన్సు దానంతటదే వస్తుంది.

ఓజు కథలో గూండా పోలీసులకు లొంగుతాడు. మన కథలో గూండాయే పోలీసు. డెబ్బైమూడేళ్ళలో మనం సాధించిన అభివృద్ధి ఇది!

హాస్యానికి అనడంలేదు. ఈ ఉత్తరాంధ్రలో 'ఎన్‌కౌంటర్' అనే మాటను తెరమీద నేర్చుకోలేదు జనం. 1969 డిసెంబరులో శ్రీకాకుళం కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహి చచ్చిపోయినప్పుడు కూడా ఆ మాటే ప్రకటనలో వచ్చింది. జముకుల కథ కట్టి ఊరూరా పాడిన కవి. తకీజీకి గుండె ఆగింది, పాణిగ్రాహికి ఎదురుకాల్పులు. దేశం మారితే రోగం పేరు మారుతుంది. ఆ జిల్లాల మనవలు హాల్లో కూచుని, ఎదుటివాడికి నోరు తెరిచే అవకాశం ఇవ్వకుండా కాల్చే హీరోకు ఈలవేస్తున్నారంటే, ఆ ఈలకు కారణం వాళ్ళ బుద్ధిమాంద్యం కాదు. ప్రతి రోజూ స్టేషను మెట్లమీద చేతులు కట్టుకు నిలబడే మనిషి, ఒక్క పూటైనా ఆ తుపాకి తనవైపు ఉండాలని కోరుకుంటాడు. ఆ కోరికను అర్థంచేసుకోకుండా తిట్టేవాడు విమర్శకుడు కాడు. ఆ కోరికను సొమ్ముచేసుకుని వదిలేసేవాడు కళాకారుడూ కాడు. పూరి జగన్నాథ్‌తో నా తగాదా గూండాను చూపినందుకు కాదు, చూపించి చూపించి చివరకు దాచేసినందుకు.

మా ప్రాంతంలో ఒక కుర్రవాడున్నాడు. పంట బకాయిల కోసం రోడ్డుమీద కూచున్నవాళ్ళలో కూచున్నాడు. అతనిమీద కేసుపెట్టారు. ఆ తర్వాత ఏ పండుగకు ఊళ్ళో గొడవ జరిగినా ముందు పిలుపు అతనికే. ఊళ్ళో సగంమందికి అతనిప్పుడు 'రౌడీ'. పెళ్ళిసంబంధం ఒకటి ఆ మాటమీదే చెడిపోయింది. మా ప్రదర్శనకు వచ్చి మూల నిలబడి చూశాడు. హిరోషిని అక్క వెతుక్కుంటూ వచ్చే దృశ్యంలో బయటికి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చాడు. గూండా ఎవడు, గూండా అని పేరు పెట్టేది ఎవడు అనే సంగతి అతనికి మనం పాఠం చెప్పనక్కరలేదు. వలయం కట్టేవాడు లోపలున్నవాళ్ళను వర్గాలుగా విడదీసి చూడడు.

మన మిత్రుడు అడుగుతాడని తెలుసు: "ఐతే 'మాలపిల్ల' చూపించు, 'రైతుబిడ్డ' చూపించు, 'రోజులు మారాయి' చూపించు. కాదన్నామా?" చూపించాను, మళ్ళీ చూపిస్తాను. 1938లో గూడవల్లి రామబ్రహ్మం చేసిన సాహసం చిన్నదేమీ కాదు. కాని మన పిల్లలు వారానికి చూసే నాలుగు సినిమాల్లో మూడు తుపాకీ కథలే. అవి చూడడం మానండని నలభై ఏళ్ళుగా చెబుతున్నాం, మానినవాడొక్కడు లేడు. అటువంటప్పుడు ఆ కథలనే ఎలా చూడాలో నేర్పడం మన పనికాదా? కొడవటిగంటి కుటుంబరావు సినిమాను వెలివెయ్యలేదు. కూచుని చూసి, విడదీసి, లెక్క తేల్చి రాశాడు. ఆ ఓపిక మనకెప్పుడు పోయింది? ఇతివృత్తం మంచిదైతే మార్కులువేసి, చెడ్డదైతే సున్నాచుట్టే పంతులుతనం మనకెక్కడిది? 'పీతల ఓడ'ను మెచ్చుకోవడానికి గుండె చాలు. లొంగుబాటుతో ముగిసే ఒక అందమైన సినిమాను మెచ్చుకుంటూనే నిలదీయాలంటే బుర్ర కూడా కావాలి. మనవాళ్ళ బుర్రమీద మనకు నమ్మకం లేదా?

ఒక్క లోపం మాత్రం ఒప్పుకుంటాను. నేను సినిమా చూపేముందు తకీజీ సంగతి చెప్పలేదు, తర్వాత చెప్పాను. ముందు చెబితే ఏడవరని భయపడ్డాను. ఒక ఉపాధ్యాయురాలు ఆ రోజే నన్ను తప్పుపట్టింది: "మమ్మల్ని ముందు ఏడిపించి తర్వాత తెలివి చెప్పారు, ఇది పంతుళ్ళ మోసమండి" అంది. మోసమేనేమో. ఏది ముందు చెప్పాలో నాకింకా తేలలేదు.

వచ్చే నెల రెండో ఆదివారం అదే గదిలో, అదే దుప్పటిమీద, అదే సినిమా మళ్ళీ వేస్తున్నాము. ఈసారి తకీజీ గురించి పదినిమిషాలు ముందే మాట్లాడతాను. బెన్షీగా ఆ అర్జీలు టైపుచేసే అమ్మాయి ఒప్పుకుంది. టీ ఖర్చు నాది. మిత్రుడు రావాలి, ముందు వరసలో కుర్చీ వేయిస్తాను.